కొండబడికి ప్రమాణమేది?

విద్యాశాఖవారి యుత్తరువులలో నేడొక మాట తఱచుగ వినవచ్చుచున్నది. ఈ పద్ధతి మంచిదని పరిశోధనలు తేల్చినవి, ఈ పుస్తకము శాస్త్రీయమని నిపుణులు నిర్ణయించిరి, కావున ఉపాధ్యాయులెల్లరు రేపటినుండి ఇట్లే నడువవలెను, అనునదియే ఆ మాట. రాజధానియందు పుట్టిన యీ మాట జిల్లాకు దిగి, జిల్లానుండి మండలమునకు దిగి, తుదకు గూడెం కొత్తవీధి కొండలలోని యొక యేకోపాధ్యాయ పాఠశాలను చేరును. అచ్చట పంతులొక్కడు, తరగతులైదు, పిల్లలలో పలువుర యింటిమాట పుస్తకములోని తెలుగు కాదు. పంతులుచేతికి వచ్చినది ఆజ్ఞ మాత్రమే. దాని వెనుకనున్న పరిశోధనను ఎవరు, ఎచ్చట, ఎట్టి పిల్లలతో చేసిరో అతనికి తెలుపువారు లేరు. అతడు తన బడిలో కన్నదానిని చెప్పిన వినువారును లేరు. విద్యయందు పరిశోధనను వినియోగించుట యనగా నిదియేనా యని మేమడుగుచున్నాము.

మేము పరిశోధనకు విరోధులము కాము. పెద్దలమాటయే చాలునని కన్నులు మూసికొనువారితో మాకు పొత్తులేదు. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను మన నైయాయికులు చెప్పిరి. తర్కశాస్త్రము నారంభించువానికి మొదటి పాఠముననే కొండ యెదురగును. కొండపై పొగ కనబడుచున్నది గాన నిప్పున్నదని చెప్పవలెనన్న, పొగయున్న ప్రతిచోట నిప్పుండునను వ్యాప్తి ముందుగా నిలువవలెను. వ్యాప్తి చెడినచో అనుమానము హేత్వాభాసమగును. పల్లపుబడులలో ఫలించిన పద్ధతి కొండబడియందును ఫలించునని చెప్పువారు ఆ వ్యాప్తిని చూపవలసియున్నారు. చూపకయే యుత్తరువు పంపినచో, అది పరిశోధనపేరు పెట్టుకొన్న శబ్దప్రమాణము మాత్రమే యగును.

ఈ విషయమున మన యాంధ్రదేశము లోకమునకు పాఠము చెప్పగలిగిన స్థితిలో నున్నది. 2005 మొదలుకొని నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశపు గ్రామీణ పాఠశాలలలో ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచబ్యాంకు కలిసి జరిపిన పరిశోధనలు విద్యాశాస్త్రజ్ఞులందఱు చదువుచున్నవి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు వీనిని నడపిరి. వందలకొలది బడులను చీటీలు వేసినట్లు విభజించి, కొన్నింటికి ఒక సదుపాయము నిచ్చి, కొన్నింటికి వేఱొకటి యిచ్చి, కొన్నింటికి ఏమియు నీయక, ఏండ్లు గడచినపిమ్మట పిల్లల చదువును కొలిచిరి. ఔషధముల గుణమును తేల్చు పద్ధతియే యిది. ఇందు మెచ్చుకోలునకు గాని, అధికారి యభిమానమునకు గాని తావు తక్కువ.

తేలినవి యేవి? పిల్లల చదువు మెఱుగుపడినకొలది పంతులుకు కొంత బహుమానమిచ్చిన బడులలో, రెండేండ్లకు లెక్కలయందు 0.27, భాషయందు 0.17 ప్రమాణవిచలనముల మేలు కనబడినది. ఈ లెక్క సామాన్యులకు తెలియునట్లు చెప్పవలెనన్న, నూర్గురు పిల్లలలో సరిగా నడుమనున్న బాలుడు లెక్కలయందు సుమారు 60వ మెట్టున కెక్కినాడన్నమాట. బహుమానము సగటున సాలు జీతములో నూటికి 3 వంతులు మాత్రమే. ఒక ఒప్పంద ఉపాధ్యాయుని అదనముగా నిచ్చిన బడులలోను పిల్లలు ముందునకు వచ్చిరి. రొక్కముగా నిచ్చిన గ్రాంటు మొదటియేట ఫలించినది గాని, రెండవయేట అది వచ్చునని తెలిసిన తలిదండ్రులు తమ ఖర్చును తగ్గించుకొన్నందున ఫలము నిలువలేదు.

ఇన్నింటిలో మన యధికారులు గోడపై వ్రాసికొనదగిన ఫలిత మొకటి కలదు. కొన్ని బడులలో పిల్లలను పరీక్షించి, ఎవరికేది వచ్చునో, ఏది రాదో వివరముగ వ్రాసి, ఆ నివేదికలను పంతుళ్ల కందించిరి. అప్పుడప్పుడు వచ్చి తరగతి నడచు తీరును గూడ చూచిపోయిరి. చూచువారున్నంతసేపు పంతుళ్లు ఎక్కువ శ్రద్ధతో చెప్పిరి. కాని యేడాది చివర పిల్లలను పరీక్షింపగా, నివేదికలు పొందిన బడికిని పొందని బడికిని భేదము కనబడలేదు. ఈ ఫలితము 2010లో ప్రకటితమైనది. నివేదిక మంచిదే, దానిని పట్టుకొని పని చేయుటకు కాలము, తోడు, ప్రోత్సాహము లేనప్పుడు అది కాగితముగనే మిగులునని దీని యర్థము.

ఇట్లు మన గడ్డపైననే తేలినదానిని మనమే మఱచినట్లు నడచుచున్నాము. నేడు పంతులుకు కాగితముతోపాటు చేతిఫోను గూడ వచ్చినది. హాజరు, భోజనము, పరీక్షల మార్కులు అన్నియు దానిలో నెక్కింపవలెను. కొండవాగు దాటి, సంకేతము దొరకు మిట్టను వెదకికొని ఆ పని ముగించువఱకు పలక పట్టుకొని కూర్చున్న పిల్లల గతి యేమి? పైకిపోవు లెక్క పెరుగుచున్నది. క్రిందికి వచ్చు సహాయము పెరిగినదా? రోగి నాడిని రోజుకు పదిమార్లు చూచి మందు నీయని వైద్యుని ఏ గ్రామమువారును వైద్యుడనరు.

పరిశోధనయందలి రెండవ చిక్కు సగటులోనున్నది. వందలబడుల సగటు సత్యమే యైనను, అది ప్రతిబడి సత్యము కాదు. పల్లపుగ్రామమునందలి పిల్లవాడు బడికి వచ్చునప్పటికే పంతులు మాటను అర్థము చేసికొనును. మన్యమునందలి పిల్లవాని సంగతి వేఱు. బగత, కొండదొర, కోందు, కమ్మర, వాల్మీకి మొదలగు తెగలవారు నివసించు నీ మన్యమున కొందఱి యింట తెలుగే యుండును గాని, అది కొండతెలుగు. కొందఱి యింట కువి, కొందఱి యింట ఆదివాసీ ఒడియా. కాఫీపండ్లు కోయు దినములలో పెద్దలతోపాటు పిల్లలును తోటలకు పోవుదురు. వానకాలమున వాగులు పొంగి దారులు మూయును. ఈ భేదములను లెక్కింపని సగటు గూడెము కొండల యెడ ప్రమాణము కాజాలదు.

చూడకయే శాసించుటవలన నేమగునో ఈ కొండలకు తెలిసినంతగా మఱెవ్వరికిని తెలియదు. 1882 నాటి మద్రాసు అటవీశాసనము పోడువ్యవసాయమును అరికట్టినప్పుడు, పోడు చేయువాని బ్రతుకెట్లు నడచునో విచారించినవారు లేరు. గూడెమునకు రోడ్లు వేయింప బూనిన అధికారులు కూలికి తగిన వేతనము నీయక మన్యపు జనులను హింసించిరి. ఆ బాధలనుండియే 1922 ఆగష్టు 22వ తేదీన చింతపల్లి పోలీసుస్టేషనుపై అల్లూరి సీతారామరాజుగారి దాడి పుట్టినది. 2022లో ఆ మహనీయుని పేరిట జిల్లా యేర్పడి, గూడెం కొత్తవీధి అందు చేరినది. పేరు పెట్టుట సులభము. కొండవాని మాటను ముందు విని పిమ్మట శాసించు నలవాటు చేసికొనుటయే ఆ పేరునకు తగిన గౌరవము.

ఉపాధ్యాయుడే పరిశోధకుడు కాగలడా యని సందేహించువారికి మనలోనే యుదాహరణ మున్నది. పర్లాకిమిడిలో పంతులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తిగారు చుట్టుపట్ల కొండలలోని సవరలను చూచి, వారికి చదువు రావలెనన్న వారి భాష తనకు ముందు రావలెనని గ్రహించిరి. సవరభాషను నేర్చి, దానిలో పాఠపుస్తకములు వ్రాసి, బడులు నడపిరి. వారు రచించిన సవరభాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. 1906 ప్రాంతమున యేట్సుదొర పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చి, తెలుగు చెప్పు పద్ధతినిగూర్చి ప్రశ్నించినప్పుడు, రామమూర్తిగారు దానిని తేలికగా త్రోసివేయలేదు. పిల్లలు పలుకు భాషకును పుస్తకభాషకును గల దూరమును శాసనములతో, కావ్యప్రయోగములతో, ప్రజల నోటిమాటలతో సాక్ష్యము చూపి లోకమునకు నిరూపించిరి. వారి వాదముతో నేకీభవింపని గ్రాంథికవాదులు సైతము ఆ సాక్ష్యసంపదను కాదనలేకపోయిరి. తరగతిలో లేచిన ప్రశ్నను విడువక, ఏండ్ల తరబడి ఆధారములు కూర్చిన పంతులాయన. అట్టివారిని మనము పూజింతుము. అట్టి పనిచేయుటకు నేటి పంతులుకు తీరికను మాత్రము ఈయము.

భాషావిషయమున మన ప్రభుత్వములు చేసిన ప్రయత్నమును మఱువరాదు. 2004లో నాటి ఆంధ్రప్రదేశమున గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్య నారంభించిరి. మొదట ఇంటిభాష, క్రమముగ తెలుగు, పిమ్మట ఇంగ్లీషు అనునది దాని క్రమము. శాస్త్రదృష్టితో చూచినను ఇది యుక్తమే. కువి, కొండ, గోండి భాషలు తెలుగుతో నొకే ద్రావిడశాఖకు చెందినవని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు నిరూపించియున్నారు; కొండభాషకు 1969లో వ్యాకరణమును గూడ వారు ప్రకటించిరి. అక్కచెల్లెండ్రవంటి భాషలలో నొకదానినుండి మఱియొకదానికి నడిపించుట కష్టముగాదు, నడిపించువారుండిన.

దీనిని సమర్థించు నెపమున పరిశోధనను అతిశయోక్తిగా వాడుటయు మాకిష్టము లేదు. ఆఫ్రికాయందలి కామెరూన్ దేశమున కోం అను స్థానికభాషలో మొదటి మూడుతరగతులు చెప్పి చూచిరి. ఇంగ్లీషున చదివినవారికంటె ఆ పిల్లలు మొదటి, మూడవ తరగతులయందు మిక్కిలి ముందుండిరి. ఇంగ్లీషు మాధ్యమములోనికి మారిన తరువాత అయిదవ తరగతికి వచ్చునప్పటికి ఆ లాభము చాలవఱకు తగ్గినది. ఇంటిభాష పునాది వేయును గాని, వంతెన లేనిచో పునాది యొక్కటియే ఒడ్డు చేర్చదని దీనినుండి నేర్వవలెను. మొదటి సగము చెప్పి రెండవ సగము దాచువాడును, రెండవది చెప్పి మొదటిది దాచువాడును సత్యమునకు సమానముగా ద్రోహము చేయువారే. 2019లో రాష్ట్రప్రభుత్వము బడులన్నింట ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్ట నుత్తరువిచ్చినప్పుడును, 2020 ఏప్రిలులో హైకోర్టు దానిని కొట్టివేసినప్పుడును, ఇరుపక్షములవారు గొంతులు చించుకొనిరి. తెలుగే పరాయిగానున్న కొండపిల్లవానికి ఇంగ్లీషు ఎన్నవ మెట్టున రావలెనను ప్రశ్న ఆ కోలాహలమున వినబడలేదు.

కొండకు పంతులెవరు కావలెనను ప్రశ్న దీనికి తోడైనది. ఏజెన్సీ ప్రాంతముల ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యీయవలెనని 2000 జనవరి 10వ తేదీన 3వ నంబరు జీవో వెలువడినది. పల్లమునుండి వచ్చిన పంతుళ్లు కొండపై నిలువకుండుటయే దానికి ముఖ్యకారణము. 2020 ఏప్రిలు 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము నూటికి నూరువంతుల కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. న్యాయస్థానము సమానత్వసూత్రమును చూచినది. ఆ తీర్పు ధర్మాధర్మములలోనికి మేమిక్కడ పోము. స్థానికుడైన పంతులున్న బడి సంవత్సరమున నెన్ని దినములు తెఱవబడెను, పరదేశి పంతులున్న బడి యెన్ని దినములు తెఱవబడెను, ఏ బడిపిల్లలు మూడవ తరగతిలో కూడబలుకుకొని చదువగలిగిరి అను లెక్కను ఏటేటా కట్టి ప్రజల యెదుట నుంచుట ప్రభుత్వమునకు చేతకాని పని కాదు. అట్టి లెక్క చేతనున్నచో గిరిజనుల పక్షమున వాదించువానికి దానిని మించిన యాయుధముండదు. పరిశోధన లేమి యెవరికి నష్టమో దీనినిబట్టి తెలియుచున్నది.

పంతుళ్లనే నిందించు నలవాటును గూడ మేమంగీకరింపము. 2003లో దేశమునందు 20 రాష్ట్రములలో ముందు చెప్పకుండ బడులకు పోయి చూచినవారికి నూటికి 25గురు ఉపాధ్యాయులు కనబడలేదు. ఉన్నవారిలోను పాఠము చెప్పుచుండినవారు తక్కువ. ఇది సిగ్గుపడదగిన విషయమే. అయినను కొండపై వసతిగృహము లేక, రోగము వచ్చిన చూచు వైద్యుడు లేక, ఎన్నికలకును జనాభా లెక్కలకును తానే దిక్కైన యొంటిపంతులును పల్లపుబడి పంతులుతో నొకే త్రాసున తూచుట న్యాయము కాదు.

పద్ధతి మంచిదైనంతమాత్రమున అమలు మంచిదగునని చెప్పరాదు. పిల్లవానిని వయస్సునుబట్టి గాక, వానికి వచ్చిన చదువునుబట్టి కూర్చుండబెట్టి నేర్పు పద్ధతి ప్రథమ్ సంస్థవారి వలన దేశమున ప్రసిద్ధమైనది. బీహారులో దాని పుస్తకములు మాత్రమే పంచినచోట ఫలము లేకపోయెను. హర్యానాలో రోజుకొక గంట దానికే కేటాయించి, పై యధికారులు తోడుగ నిలిచినచోట పిల్లలకు చదువు వచ్చినది. కెన్యాదేశమున ఒప్పంద ఉపాధ్యాయులను స్వచ్ఛంద సంస్థ నియమించినచోట లాభము కలిగెను. ఆ పనినే ప్రభుత్వము చేసినచోట లాభము సున్న. విత్తనమొక్కటే, దుక్కి వేఱు. భూవసతిగల మా పాఠకులకు దీనిని విడమఱచి చెప్పనక్కఱలేదు. పొరుగుజిల్లాలో పండినదని వినినంతనే ఏ రైతును తన పొలమంతయు క్రొత్తవిత్తనము చల్లడు. ఒక మడిలో చల్లి చూచును. పండిన మఱుసటి యేట పెంచును.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, కొండలకు పంపు ప్రతి విద్యాపథకమును ముందు కొండలలోనే కొన్నిబడులలో పరీక్షించి, ఫలితమును, విఫలమైనచో ఆ వైఫల్యమును గూడ తెలుగున అచ్చువేయవలెను. రెండవది, ఉత్తరువుతోపాటు దాని యాధారమును ఒక పుటలో పంతులుకు తెలుపవలెను. ఎచ్చట, ఎందఱు పిల్లలతో, ఎంత ఫలము అనునది అందుండవలెను. మూడవది, పంతులు పైకి పంపు లెక్కలను సగమునకు తగ్గించి, నెలకొకమారు చుట్టుపట్ల బడుల పంతుళ్లు కూడి తమ పిల్లలకు వచ్చినదానిని, రానిదానిని చర్చించుకొను దినమును కల్పింపవలెను. నాలుగవది, కువి, ఆదివాసీ ఒడియా మొదలగు భాషలు వచ్చిన స్థానిక యువతీయువకులకు ఉపాధ్యాయశిక్షణ నిచ్చి, మొదటి రెండుతరగతులను వారి చేతులలో పెట్టవలెను. ఏజెన్సీలో ‘మాబడి’ పేరిట స్థానిక యువకులే గురువులుగా బడులు నడచిన యనుభవము మనకు క్రొత్తది కాదు.

ఇదంతయు కొండవారి గొడవ, పల్లమున నున్న మాకేల యని మా పాఠకులు తలపరాదు. సీలేరు జలవిద్యుత్తు మీ దీపములను వెలిగించుచున్నది; ఆ సీలేరు గూడెం కొత్తవీధి మండలములోనిదే. మఱియు ఆధారము నడుగని యలవాటు మీ పిల్లలకును చేటు చేయుచున్నది. ఈ యాంధ్రదేశముననే 180 గ్రామములలో చీటీలువేసి కొందఱు పేదపిల్లలను ప్రైవేటు బడులకు పంపి, నాలుగేండ్లపిమ్మట పరీక్షించిరి. తెలుగునందును లెక్కలయందును ప్రభుత్వపుబడి పిల్లలకంటె వారికి మేలేమియు కనబడలేదు. హిందీయందు మాత్రము లాభము కనబడెను. ఆ బడులు తక్కువ ఖర్చుతో ఆ పనిచేసినవన్న మాటయు నిజమే. ఫీజు చెల్లించుటయే చదువు కొనుట యని నమ్మువారు ఈ ఫలితమును తీరికగా నాలోచింపవలెను. మెడపట్టీ చూచి మురియుటకు బదులు, ఇంటికి వచ్చిన పిల్లవానిచేత ఒక పుట చదివించి చూచిన తండ్రి ప్రత్యక్షప్రమాణము నాశ్రయించినవాడు.

పరిశోధన పండితుల సొత్తు కాదు. పిల్లవానికి ఏమి వచ్చును, ఏమి రాదు, ఏమి చేసిన వచ్చెను అను మూడు ప్రశ్నలను అడిగి, వచ్చిన జవాబును దాచక వ్రాయుటయే దాని సారము. గూడెము కొండలలోని పంతులు ఈ మూడు ప్రశ్నలను ఎల్లప్పుడు అడుగుచునే యున్నాడు. అతని జవాబును విని, దానికి తగినట్లు తమ యుత్తరువును దిద్దుకొను వినయము విద్యాశాఖవారికి కలుగవలెను. రాబోవు విద్యాసంవత్సరమునకు పథకములు సిద్ధపఱచుటకు ముందు అధికారులు కొండయెక్కి, ఒక వారముదినములు ఏదైన నొక బడిలో వెనుకవరుసను కూర్చుండి రావలెనని మేము కోరుచున్నాము. అంతకంటె చవుకయైన పరిశోధన మఱియొకటి లేదు.